మడ చెట్లకు ముందు నీళ్లు అందనివ్వండి

ఆంధ్రప్రదేశ్ ప్రధాన ముఖ్య అటవీ సంరక్షణాధికారి గారికి,

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు తమిళనాడులో పిచ్చవరం మడ అడవుల వెనకున్న ఊళ్లకు, ఏ అడ్డూ లేని ఊళ్లకన్నా నష్టం తక్కువ జరిగింది. కారణం మన కోరంగి మడ అడవుల్లో కళ్లారా చూడొచ్చు. ఉప్పుపొన్న ఊడలు వంపు తిరిగి బురదలోకి దిగి ఒకదానిలో ఒకటి పెనవేసుకుంటాయి. ఆ పక్కనే తెల్లమడ శ్వాసవేర్లు మేకుల్లా నిటారుగా లేస్తాయి. నీరు వాటిని ఒరుసుకుంటూ చీలి, జోరు కోల్పోతుంది. ఆ సునామీకి సుమత్రాలో లేచినంత అలను ఏ అడవీ ఆపజాలదు, నిజమే. కానీ 1977లో దివిసీమను ముంచిన ఉప్పెన మనకు తెలుసు కదా! అలాంటి తుపాను పోటు ఉధృతిని తగ్గించేదీ ఈ చెట్లే.

అందుకే అడుగుతున్నాను. నాటిన మొక్కల లెక్కతో సరిపెట్టకండి. ఆటుపోట్ల నీరు అందకపోతే మడ మొక్క బతకదు. ఆ నీరు పారేందుకు చేపముల్లు ఆకారంలో తవ్విన కాలువల్లో క్రమం తప్పకుండా పూడిక తీయించండి. తీరానికి అడ్డుగా ఉన్న ఇసుక దిబ్బలను కూడా చదును చేయనివ్వకండి, సరుగుడు తోట కోసమైనా సరే. చేపలు, రొయ్యల చెరువుల కోసం మడ అడవి కొట్టేసిన చోట ఆ సందులోంచే నీరు ఊళ్ల మీదికి దూసుకొస్తుంది. ముందు అక్కడ నాటించండి. ఏ కాలువలోకి పోటు ఎంతవరకు ఎక్కుతుందో వేటకెళ్లే మత్స్యకారులకు తెలుసు. మొక్క వేసేముందు వాళ్లను అడగండి.

ఇట్లు,
ఒక తీరవాసి