ఎందుకైనా మంచిది అనే మూట

విహారయాత్రకు కెమెరా సంచి ఎలా సర్దుకోవాలని తెలిసినవారినెవరినైనా అడిగి చూడండి. చేతికి వచ్చే జాబితా పెళ్ళివారి సరంజామాను తలపిస్తుంది. రెండు కెమెరాలు, మూడు లెన్సులు, ఫ్లాష్, ట్రైపాడ్, నాలుగు రకాల ఫిల్టర్లు, ఇవన్నీ పట్టే ఒక మహా సంచి. ఇన్నెందుకయ్యా అంటే అందరి జవాబూ ఒక్కటే: "ఎందుకైనా మంచిది." నా పేచీ అంతా ఆ రెండు మాటలతోనే. యాత్రా ఛాయాచిత్రణకు వాటికంటే ఎక్కువ కీడు చేసిన మాటలు లేవని నా వాదన.

ముందుగా తూకం సంగతి. ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్ బాడీ సుమారు 900 గ్రాములు. 24-70 ఎఫ్/2.8 జూమ్ లెన్సు 800 గ్రాములు, 70-200 ఎఫ్/2.8 కిలోన్నర. మెత్తటి అరలతో దిట్టంగా కుట్టిన పెద్ద సంచి ఖాళీగానే రెండు కిలోలు తూగుతుంది. ట్రైపాడ్ మరో కిలోన్నర. ఫ్లాషూ, ఛార్జరూ, మంచినీళ్ళ సీసా చేరకముందే ఆరున్నర కిలోలు దాటిపోయాం. మన దేశీయ విమానాల్లో ఎకానమీ ప్రయాణికుడు చేత పట్టుకుపోగలిగింది సాధారణంగా 7 కిలోలు. ఇక మారు చొక్కాకు చోటేదీ? మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాక బాడీ తేలికయిందన్న మాట నిజమే. సంచి మాత్రం తేలిక కాలేదు. ఖాళీ అయిన జాగాలోకి డ్రోన్ వచ్చి కూర్చుంది.

మోసేది నా భుజం, మధ్యలో మీకేం నష్టమని ఎవరైనా అడగవచ్చు. నష్టం మొదట చిత్రానికే. గోల్కొండలో బాలాహిస్సారు దాకా మెట్లెక్కేటప్పుడు బరువున్నవాడు సగం దారిలో కూలబడతాడు. సాయంకాలపు వెలుగు అతని కోసం ఆగదు. పైకి చేరినవాడు సైతం ఏ లెన్సు తీయాలా అని తర్జనభర్జన పడుతుండగానే ఎదుటి దృశ్యం కాస్తా చెదిరిపోతుంది. ఒక్క లెన్సు ఉన్నవాడికి ఆ మీమాంస లేదు. చాలకపోతే రెండడుగులు ముందుకు వేస్తాడు, ఎక్కువైతే వెనక్కు వస్తాడు.

రెండో నష్టం మనుషుల విషయంలో. అరకు ప్రాంతపు వారపు సంతలోకి నల్లటి పెద్ద సంచీతో అడుగు పెట్టినవాడు యాత్రికుడిలా కనబడడు, టీవీవాడిలాగో అధికారిలాగో కనబడతాడు. అల్లం కుప్ప ముందు కూర్చున్న అవ్వ అతన్ని చూడగానే కొంగు సర్దుకుని బిగుసుకుపోతుంది. ఆ బిగింపే ఫోటోలోకి దిగుతుంది. ఆపైన మన వాళ్ళు ఫోటో తీయించుకోవడానికి సిగ్గుపడతారని తీర్పు చెప్పేస్తాం!

మూడోది ఎవరూ చెప్పుకోనిది: వెంట వచ్చినవారి సంగతి. ఒకరి సరదా కోసం భార్య ట్రైపాడ్ మోస్తుంది, తండ్రి రైల్లో బెర్తు కింద సంచికి కాపలా పడుకుంటాడు. ఊళ్ళోని ఎరుగని ముఖాలన్నీ కార్డులోకి ఎక్కుతాయి, ఆ ఇద్దరి ముఖాలు తప్ప. ఇదేం యాత్ర?

పూర్వం ఇంతకంటే ఎక్కువ మోసినవారు లేకపోలేదు. 1860లలో శామ్యూల్ బోర్న్ పదుల కొద్దీ కూలీలతో హిమాలయాలకు వెళ్ళాడు. అప్పటి గాజు పలకకు అక్కడికక్కడే రసాయనం పూసి, తడి ఆరకముందే ఫోటో తీసి కడగాలి. అందుకు చీకటి గుడారం వెంట ఉండాలి. అతనికది అవసరం, మనకది అలవాటు. చిన్న ఫిల్ము కెమెరా వచ్చాక కార్టియర్-బ్రెస్సాన్ ఒక లైకాతో, ఎక్కువగా 50 మిల్లీమీటర్ల లెన్సుతోనే దేశాలు తిరిగాడు.

మరి ఎటువంటి సంచి కావాలి? కెమెరా సంచిలా కనబడనిది. 1970లలో ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ ఫోటోగ్రాఫర్ జిమ్ డోమ్కీ తన కోసం రూపొందించుకున్నది కాన్వాసు గుడ్డ సంచీయే. గట్టి పెట్టె కాదు, ఒంటికి హత్తుకునే సంచి. అంత ఖరీదు కూడా అక్కరలేదు. మామూలు భుజం సంచిలో మెత్తటి అరల తొడుగు ఒకటి దించితే చాలు. వీపు సంచి నడకకు సుఖమే గానీ, కెమెరా తీయాలంటే ప్రతిసారీ దాన్ని కిందికి దించాలి. తీయడానికి బద్ధకమనిపించే సంచి ఎంత గొప్పదైనా వృథా.

అందులో ఒక బాడీ, దానికి తగిలించి ఉంచిన ఒక మామూలు జూమ్, మసక వెలుతురుకు 35 లేదా 50 మిల్లీమీటర్ల చిన్న లెన్సు. 50 ఎఫ్/1.8 లెన్సులు కొన్ని 200 గ్రాములైనా ఉండవు. లేపాక్షి మండపం వంటి చోట అదే అక్కరకు వస్తుంది. పురావస్తు శాఖ కట్టడాల్లో ముందస్తు అనుమతి లేకుండా ట్రైపాడ్ ఎలాగూ పెట్టనివ్వరు. అదనపు లిథియం బ్యాటరీలు విమానంలో చేతి సంచిలోనే ఉండాలి, వాటి లోహపు కొనలు కప్పి ఉంచాలి. నిండిన కార్డులు సంచిలో కాదు, ఒంటిమీద జేబులో ఉండాలి. కెమెరా పోతే డబ్బు పోతుంది, కార్డు పోతే యాత్రే పోతుంది. కోస్తా తేమకు సిలికా జెల్ పొట్లం ఒకటి, వానకు ప్లాస్టిక్ కవరు ఒకటి. ఇల్లు చేరగానే లెన్సులు బయటకు తీసి సంచిని ఆరబెట్టాలి; తడిసిన స్పాంజి బూజుకు పుట్టిల్లు.

నేలపట్టు పక్షుల కోసం వెళ్ళేవాడికి పెద్ద టెలీఫోటో వద్దా అంటే, తప్పక కావాలి. అతనికి తాను ఏం చూడబోతున్నాడో తెలుసు. ఆ లెన్సు తీసుకుని తక్కినవి ఇంట్లో వదిలేయమనే నేననేది. నా తగవు బరువుతో కాదు, ఏం చూడాలో తేల్చుకోలేక అన్నీ మోసుకుపోయే అనిశ్చయంతో. సంచి సర్దడమంటే సామాను ఎంచడం కాదు, చూపును ఎంచుకోవడం. కొన్ని దృశ్యాలు తప్పిపోతాయి, నిజమే. వాటిని కంటితో చూసి రావచ్చు. "ఎందుకైనా మంచిది" అనేవారు ఒక్కసారి "దేనికి మంచిది?" అని తమను తామే అడిగి, జవాబు దొరికిన వస్తువునే సంచిలో వేసుకోవాలని నా మనవి.