చెవికా, కంటికా?

గడచిన వేసవి సెలవులలో మేము మావారితోను, అత్తగారితోను, పిల్లలతోను మైసూరు చూచి వచ్చితిమి. తెనాలి చేరిన నాటినుండి ఇరుగుపొరుగువారు రాజభవనపు వైభవమునే అడుగుచున్నారు. మాకు మాత్రము అచ్చటి బంగారుపూతలకంటె అచ్చట పుట్టిన తగవే యెక్కువగ జ్ఞాపకమున్నది. ఇట్టి స్థలముల చరిత్రను గోడమీది పలక చెప్పుట మేలా, చెవిలో యంత్రము చెప్పుట మేలా యన్నదే యా తగవు.

మా అత్తగారికి 72 ఏండ్లు. అక్షరములు రావు. అయినను భారతములో ఏ పర్వమున నేమి జరిగినదో మాకంటె బాగుగ నెరుగుదురు. చిన్ననాట పుట్టింటి వసారాలో మధ్యాహ్నవేళ ఒకరు పద్యము చదువుచుండ, వేరొకరు అర్థము చెప్పుచుండ, విని నేర్చిన చదువది.

మైసూరు భవనమున మావారు ఆడియో గైడు నొకదానిని తీసికొనిరి. మెడలో యంత్రము, చెవులకు దొప్పలు. ఆయా తావులందున్న అంకెను నొక్కినచో ఆ తావు కథ వినవచ్చును. మాట యింగ్లీషు. కల్యాణమంటపమున గ్లాస్గోలో చేయించిన రంగుటద్దముల నెమళ్లు నెత్తిమీద మెరయుచుండ, మావారు కన్నులరమూసి తలయూపుచుండిరి. మేము బొమ్మలవలె నిలిచితిమి. “అమ్మాయ్, వీడు ఎవరికి తలూపుతున్నాడే?” అని అత్తగారడిగిరి. సోదరీమణులారా, మేమేమి చెప్పగలము?

పిమ్మట ఆయన దొప్పలు తీసి చెప్పిరి: పూర్వపు కొయ్యభవనము 1897లో రాజకుమార్తె వివాహసమయమున తగులబడెనట, హెన్రీ ఇర్విన్ దొరచేత క్రొత్తదానిని కట్టించి 1912 నాటికి పూర్తిచేసిరట. అత్తగారు గుండెమీద చేయి వైచికొని, “పెళ్ళిలోనా! మరి పెళ్ళికూతురేమైందిరా?” అనిరి. మావారికి తెలియలేదు. యంత్రమును ఎదురు ప్రశ్న యడుగుటకు వీలులేదు గదా. బెంగుళూరు వచ్చువరకు అత్తగారు ఆ పెళ్ళికూతురినే తలచుకొనుచుండిరి. ఇంటికి వచ్చి వెదకి చూడగా ఆమె పేరు జయలక్ష్మమ్మణ్ణి యనియు, పెనిమిటి కాంతరాజ అరసు తరువాత మైసూరు దివానైనాడనియు, ఆమెకై కట్టిన జయలక్ష్మీవిలాసము నేడు మైసూరు విశ్వవిద్యాలయపు ఆవరణలో నున్నదనియు తెలిసినది. ఆ రాత్రి అత్తగారు నెమ్మదిగ భోజనము చేసిరి.

యంత్రమును మేము నిందించుట లేదు. చూపులేనివారికి, చదువురానివారికి తమ భాషలో పలికెడి యంత్రము కంటె ఉపకారి యేది? ఈ యేర్పాటు క్రొత్తదియు కాదు. 1952లోనే ఆమ్‌స్టర్‌డామ్ నగరపు స్టెడెలిక్ మ్యూజియములో రేడియో మూలమున అందరి చెవులలో ఒకేసారి ఉపన్యాసము వినిపించిరి. అందరు నొక్కసారిగ ఒకే పటమువంక తల త్రిప్పవలసినదే! మన యింటిలో నలుగురు నాలుగు యంత్రములు తగిలించుకొన్నచో నలుగురును నాలుగు దిక్కులు చూతురు. మాకది కొంచెము కష్టముగ తోచుచున్నది.

పలకలు మాత్రము నిర్దోషములా? ఒక కోటలో, దాని పేరేల, పలక మా తలకంటె ఎత్తున, చీమతలలంత అక్షరములతో నుండెను. బాపట్ల భావనారాయణస్వామి యాలయములోని శిలాశాసనములును ఒకనాటి పలకలే. ఇంత చదివితిమని గర్వించు మేము వానియెదుట నిలిచి, ఒక్కొక్క యక్షరమును కూడబలుకుకొని, మూడవ వరుసకే చేతులెత్తితిమి. కంటికెదుట నున్నను మాకవి మూగవే.

రెండేండ్ల క్రిందట తిరుపతినుండి చంద్రగిరి పోయినప్పటి ముచ్చట వేరు. పెనుగొండ తరువాత ఆరవీటి రాజులకు రాజధానియైన దుర్గమది. అచ్చటి రాజమహలు మూడంతస్తులది; ఇటుక, రాయి, సున్నములే గాని కట్టడములో కొయ్య లేదు. ఆరవ తరగతి చదువు మా పిల్ల పలకను గట్టిగ చదివినది. కొయ్య లేదనగనే అత్తగారు చేయెత్తి పైకప్పును, మూలలను పరీక్షింపసాగిరి. ఎవరో పల్లెటూరి స్త్రీలు మావెనుక చేరి, “ఇంకొక్కసారి చదువు తల్లీ” అనిరి. పిల్ల మరల చదివినది. ఒకామె, “దూలాలు లేకుండా పైకప్పు ఎట్లా నిలిచిందీ?” అనగా, సున్నపుపని తెలిసిన వేరొకామె కమాను సంగతి చేతులతో చూపి చెప్పినది. పలక రెండు వాక్యములు చెప్పినది. అచ్చట అరగంట సంభాషణ జరిగినది.

కనుక, మంచి తెలుగులో, పెద్ద యక్షరములతో, ముసలివారి కంటికందు నెత్తున పలక యుండవలెను. చదువుటకు తోడులేనివారికి యంత్రమును ఉండవలెను. తోడున్నవారు నోరు విప్పవలెను. మావారు దీనికి ఒప్పుకొనలేదు. ఇల్లాండ్రు గట్టిగ చదువుచుండగా తమకేమియు వినబడదట!

మా తెనాలినుండి రేపల్లె పోవు రైలుదారిలోనే భట్టిప్రోలున్నది. 1892లో అలెగ్జాండర్ రీ దొర త్రవ్వకములలో అచ్చటి స్తూపమున ధాతుకరండములు బయల్పడెను. వానిమీది బ్రాహ్మీ యక్షరములు రెండువేల యేండ్లకు పైబడిన ప్రాకృతభాషా లేఖనములు. వచ్చే ఆదివారము పోవుటకు నిశ్చయించితిమి. పిల్ల పలక చదువును. “ఆ కరండాలు చేయించినవాళ్ళలో ఆడవాళ్ళున్నారా?” అని అత్తగారు ఇప్పుడే అడుగుచున్నారు.