గృహారోగ్యము: దర్జీ పుస్తకము చెప్పిన మాట



గడచిన శ్రావణమాసమున రవికెలు కుట్టించుటకై గుడ్డ పంపగా, మా వీధి దర్జీ "పాత కొలతకే కుట్టమంటారా, అమ్మగారూ? నాలుగేళ్లలో మూడంగుళాలు పెరిగింది మరి" అని మా పిల్లవానితో కబురు పంపెను. మేము మొదట చిన్నబుచ్చుకొంటిమి. పాల లెక్కయు, చాకలి పద్దును, పిల్లల మార్కులును తేదీలతో వ్రాసిపెట్టుకొను మా యింటిలో, మా శరీరమును గూర్చిన లెక్క మాత్రము లేదనియు, ఉన్నది ఆ దర్జీ పుస్తకమునందే యనియు పిమ్మట తోచి సిగ్గుపడితిమి.

దర్జీ కొలతలు శాస్త్రమునకు పనికివచ్చిన సందర్భ మొకటి కలదు. లండను నగరమున రెండంతస్తుల బస్సులు నడపు డ్రైవర్లకంటె, దినమంతయు మెట్లెక్కి దిగుచు టిక్కెట్లిచ్చు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చుచున్నదని జెర్రీ మారిస్ అను వైద్యుడు 1953లో ప్రకటించెను. 1956లో ఆయన బృందము వారి యూనిఫారముల కొలతలు తీసి చూడగా, సమాన వయస్కులలో డ్రైవర్ల నడుము కండక్టర్ల నడుముకంటె పెద్దదిగా నుండెను. అయితే ఆ భేదము పడుచువారిలో సైతము కనబడినది. కావున కూర్చుండుటచేతనే లావెక్కిరా, లేక లావుగా నున్నవారే ఆ పనిలో చేరిరా యను ప్రశ్న మిగిలినది. లెక్క చూచిన వెంటనే తీర్పు చెప్పరాదనుటకు ఇది మంచి పాఠము.

ఇక మన దేశపు లెక్క. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేవారు 2019-21లో 15 మొదలు 49 ఏండ్ల వఱకు గల స్త్రీలను తూచి, ఎత్తు కొలిచిరి. దేశమంతట నూటికి 24 మంది మితిమీరిన బరువు గలవారు. 2005-06లో వీరు నూటికి 13 మంది మాత్రమే. ఆంధ్రప్రదేశమున 36 మంది, తెలంగాణమున 30 మంది అని తేలినది. పదునైదేండ్లలో దేశమందలి స్త్రీలందఱును ఒక్కసారిగా సోమరులైరని ఎవ్వరును నమ్మజాలరు. మారినది స్వభావము కాదు. అంగడిలో దొరకు తిండియు, నూనె వాడుకయు, నడక తగ్గుటయు. దేశపు లెక్క వలన కలుగు మొదటి మేలు ఇదియే: అది నిందను తొలగించి కారణమును చూపును.

అదే సర్వేలో నూటికి 57 మంది స్త్రీలకు రక్తహీనత కలదనియు, 19 మంది మిక్కిలి బక్కపలుచనివారనియు తెలిసినది. ఈ అంకెలను వేర్వేరు ఇండ్లకు సంబంధించినవిగా తలంచుట పొరపాటు. స్థూలకాయమును రక్తహీనతయు ఒకే యింట, ఒక్కొక్కప్పుడు ఒకే శరీరమున చేరియుండును.

మా ఆడుబిడ్డ విషయము అట్టిదే. పెండ్లిండ్లలో "ఏమమ్మా, ఇంకా ఒళ్లు చేశావే!" అని చుట్టములు నవ్వుచుండగా, ఆమె ఎవరికిని చెప్పక రాత్రి భోజనము మానివేసినది, పగలు మజ్జిగయన్నముతో, పచ్చడి మెతుకులతో గడపినది. మూడు నెలలలో బరువు తగ్గెను గాని, ఒకనాడు పెరటిలో బట్టలు ఆరవేయుచు కూలబడెను. వైద్యశాలలో పరీక్షింపగా రక్తము 8 గ్రాములే యుండెను, చక్కెరవ్యాధియు బయటపడినది. "వదినా, నన్ను చూసి నవ్వినవాళ్లు వందమంది. నా రక్తం చూపించమన్నవాళ్లు ఒక్కరూ లేరు" అని ఆమె పలికిన మాట మాకు మఱపురాదు. నవ్విన ఆ వందమందిలో మేమును ఉంటిమి.

చరకసంహిత సూత్రస్థానమున ఇరువదియొకటవ అధ్యాయము అతిస్థూలుని, అతికృశుని ఒక్కచోటనే చెప్పుచున్నది. చిన్ననాడు మా తండ్రిగారి కడ దానిని చదివియు, ఆ రెండును ఒకే మనిషియందు సగము సగముగా దాగియుండవచ్చునని మాకు తట్టలేదు. చదివినది కంటి యెదుట నున్నదానికి అన్వయింపనిచో ఆ చదువు పెట్టెలోని పట్టుచీర వంటిదే.

కొలుచుకొను పద్ధతి సులభము. ఎత్తును మీటర్లలో వ్రాసి, దానిని దానితోనే హెచ్చవేసి, వచ్చిన అంకెతో బరువును భాగింపవలెను. 152 సెంటీమీటర్ల ఎత్తును 60 కిలోల బరువును గల యామెకు సుమారు 26 వచ్చును. 25గాని అంతకు మించిగాని యున్నవారినే సర్వేవారు లెక్కలోనికి తీసికొనిరి. మన దేశపు వైద్యులు 2009లో చేసిన నిర్ణయము ప్రకారము 23 మొదలుకొనియే జాగ్రత్త పడవలెను. ఏలయన, మనవారి శరీరమున అదే అంకెకు కొవ్వు పాలు ఎక్కువ. పూనా వైద్యుడు యాజ్ఞిక్, లండను వైద్యుడు యుడ్కిన్ 2004లో తమ యిద్దరి ఛాయాచిత్రమును లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. ఇద్దరి అంకెయు 22.3 మాత్రమే, కాని కొవ్వు యుడ్కిన్‌గారికి నూటికి 9.1 పాళ్లును, యాజ్ఞిక్‌గారికి 21.2 పాళ్లును ఉండెను. కావున త్రాసుతోబాటు టేపును కావలెను. ఊపిరి విడిచి, చివరి ప్రక్కటెముకకును తుంటియెముకకును నడుమ చుట్టి చూడగా, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినచో వైద్యునకు చూపుకొనవలెను.

ఇక వంటింటి లెక్క. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థవారు 2,000 కెలోరీల దినాహారమున నూనె, నేయి కలిపి 27 గ్రాములు చాలుననిరి. మా యింట నలుగురము. ఆ ప్రకారము నెలకు మూడుంబావు కిలోలకు మించరాదు. మా వారు పలక మీద వేసి చూడగా, మేము వాడు ఐదు లీటర్లు ఇంచుమించు నాలుగున్నర కిలోలు. అనగా తలకు దినమునకు 38 గ్రాములు. ఇందులో బయట కొని తిన్న బజ్జీలు, మిక్స్చరు లేవు. ఈ లెక్క చూచిన తరువాత మేము ఉపవాసములు చేయలేదు. నూనె సీసాను వంచి పోయుట మాని గరిటతో కొలిచి పోయుచున్నాము. పప్పును ఆకుకూరను పెంచి, అన్నమును ఒక గరిటె తగ్గించితిమి. పిల్లలు వదలిన మెతుకులు పారవేయలేక మేమే తినివేయు అలవాటును మానుటకై, మొదటనే కొంచెము వడ్డించి, కావలసిన మారు వడ్డించుచున్నాము. ఆడుబిడ్డకు వైద్యుడు చెప్పిన మందులు, వేళకు భోజనము, సాయంకాలపు నడక నడచుచున్నవి. నడకకు ఆమెకు తోడు మేమే.

అయినను వంటింటితో నంతయు తీరదు. మెక్సికో దేశమున 2014లో తీపి పానీయములపై లీటరుకు ఒక పెసో పన్ను వేసిరి. మొదటి యేడు వాటి కొనుగోలు సగటున నూటికి 6 పాళ్లు తగ్గెను. ఆ యేటి చివరకు 12 పాళ్ల వఱకు తగ్గినది. బీద కుటుంబములలో తగ్గుదల మఱింత యెక్కువ. దీనివలన అందఱును సన్నబడిరని మేము చెప్పుటలేదు. కొనుట తగ్గినదని మాత్రము లెక్క చెప్పుచున్నది. లెక్క చెప్పినంతవఱకే మాటాడుట న్యాయము. మన వీధులలో నడువను కాలిబాట, సాయంకాలము స్త్రీలు భయము లేక తిరుగుటకు దీపము, బడి గేటు ప్రక్కన తీపి సీసాల కొట్టు లేకుండుట యివియు ఆరోగ్య విషయములే. వీటిని పురపాలకసంఘమువారిని అడుగునప్పుడు "మా వీధిలో ఇంతమందిమి, మా కొలతలు ఇవి" అని కాగితము చేత నుంచుకొని అడిగినచో మన మాటకు బరువుండును.

కావున ఈ నెల ప్రతి యింటను ఒక పుటపై తేదీ, బరువు, నడుము, రక్తపు అంకె, నెలకు పట్టిన నూనె వ్రాసియుంచుడు. అత్తగారి పేరు, కోడలి పేరు రెండును ఆ పుటలో నుండవలెను. ఎవరినైనను "ఒళ్లు చేశావు" అని పలుకరింపబోవునపుడు ఒక్క క్షణమాగి, "రక్తం చూపించుకున్నావా, అమ్మా?" అని అడుగుడు. మేము మా ఆడుబిడ్డను ఆ మాట ఆలస్యముగా అడిగితిమి. మీరు ఆలస్యము చేయకుందురుగాక.