పిల్లలతోని మాట్లాడుతున్నమా, ఎడ్లను అదిలిస్తున్నమా?

ఇయ్యాల పసుపు ధర గురించి కాదు, మన ఇండ్లల్ల జరుగుతున్న ఒక నష్టం గురించి రాస్తున్న. జర ఓపికతోని చదవున్రి.

పిల్లగాడు "బస్సు ఇంక రాలే" అంటే, "అట్ల అనొద్దు, రాలేదు అను" అని కసురుతున్నం. చుట్టాల ముందర "వచ్చిండు" అంటే సిగ్గుపడుతున్నం. మళ్ల సెప్టెంబర్ 9 వస్తే కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం అని స్టేటస్ పెడుతున్నం. ఒక్కరోజు దండ, ఏడాదంత దండన!

మనది తప్పు తెలుగు అని ఎవరు చెప్పిన్రు? నేను వచ్చిన, నువ్వు వచ్చినవ్, వాడు వచ్చిండు, వాళ్లు వచ్చిన్రు. పోయిన, పోయినవ్, పోయిండు, పోయిన్రు. చాలు కొట్టినట్టు ఒక్కటే వరుస. దాన్నే వ్యాకరణం అంటరు. పాత పుస్తకాలల్ల "వచ్చినాడు" అని ఉంటది. అదే మన దిక్కు "వచ్చిండు" అయింది, కోస్తాల "వచ్చాడు" అయింది. ఒక్క చెట్టుకు రెండు కొమ్మలు. ఒకటి పాఠాలకు, పేపర్లకు ఎక్కింది, ఇంకోటి ఎక్కలే. గంతే ఫరకు.

క్యాంపులోళ్ల మీద కోపంతోని రాస్తలేను. 1931లో నిజాంసాగర్ పూర్తయినంక కాలువ కింద ఎవుసం చేసుకుందామని కోస్తా నుంచి వచ్చిన్రు, వాళ్ల మాట వాళ్లకు అందం. బోధన్ అంగట్ల నిలబడితే రెండు తీర్ల తెలుగు, ఉర్దూ, మరాఠీ, లంబాడి మాట అన్నీ వినవస్తయి. 1937లో పెట్టిన చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డది గని, ఆ మాటలు మూతపడలే. వాటిని మూసేటోళ్లం మనమే అయితున్నం.

అసలు మాట అంటే ఏందో జీవాలను చూస్తే తెలుస్తది. బర్రె అరిస్తే దూడ కోసమా, గడ్డి కోసమా మనకు ఎరుకే. కెన్యా దేశంల వెర్వెట్ అనే కోతులు చిరుతను చూస్తే ఒక కూత, గద్దను చూస్తే ఇంకో కూత, పామును చూస్తే మరో కూత వేస్తయని శాస్త్రవేత్తలు 1980లో రాసిన్రు. తేనెటీగ ఆడే ఆటల పువ్వులు ఏ దిక్కు, ఎంత దూరం అనే లెక్క ఉంటది. అది విప్పి చెప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ వచ్చింది. గని "పోయినేడు చిరుత ఈడికే వచ్చింది, మళ్ల వస్తదేమో" అని కోతికి చెప్పరాదు. మన మూడేండ్ల పిల్లకు వస్తది: "నిన్న వాన పడ్డది గద తాతా, ఇయ్యాల నీళ్లెందుకు పెడుతున్నవ్?" ఆ మాట ఆ పిల్లకు ఎవ్వరూ నేర్పలే. తనే కట్టింది.

మాట నేర్పితే రాదు, చుట్టూ మాట్లాడుతుంటే వస్తది. ఇంగ్లీషోళ్ల పిల్లలు సుత "వెంట్" అనాల్సిన కాడ "గోడ్" అంటరు. పెద్దలు అట్ల అనరు, సూత్రం పిల్లలే పట్టుకుంటరు. నికరాగువా దేశంల 1970ల ఆఖర్ల చెవిటి పిల్లలను ఒక బడిల జమ చేస్తే, వాళ్లకు వాళ్లే సైగలతోని కొత్త భాష కట్టుకున్నరు. తర్వాత వచ్చిన చిన్న పిల్లలు దాన్ని ఇంక చిక్కగ చేసిన్రు.

గంత తెలివి ఉన్న పిల్లలకు మనం ఏం పెడుతున్నం? "కమ్, సిట్, ఈట్, గో." ఎడ్లను అదిలించినట్టు నాలుగు ముక్కలు! మనకు రాని ఇంగ్లీషు పిల్లలకు రాదు, మనకు వచ్చిన తెలుగు వాళ్లకు ఇయ్యం. అటు గాక ఇటు గాక అయితున్నరు.

ఉద్యోగానికి ఇంగ్లీషు కావాలె, కాదంటలేను. వచ్చినోళ్ల దగ్గర, బడిల మంచిగ నేర్వనీయున్రి. అయిదో తరగతి దాకనన్న వీలైనకాడ ఇంటి భాషలనే చదువు చెప్పాలని 2020 జాతీయ విద్యా విధానం సుత చెప్పింది. మన రాష్ట్రంల బడులల్ల తెలుగు తప్పనిసరి అని 2018లో చట్టం చేసిన్రు. గని చట్టం వచ్చి మన ఇంట్ల మాట్లాడదు గద!

ఇంకో మాట. "పదును" అంటే ఉత్త తేమ కాదు, నాగలి పట్టేంత తేమ. ఆ ఒక్క మాటల మన తాతల అనుభవమంత ఉన్నది. కైకిలి, ఒరం, గోళ పసుపు, కొమ్ము పసుపు, ఇవన్ని గంతే. మాట పోతే దాని ఎంబడి తెలివి పోతది. రేపు మన భూమి మన పిల్లలకే అర్థం గాదు.

అందుకే చెప్తున్న. రాత్రి బువ్వ తినేటప్పుడు ఫోన్ పక్కకు పెట్టి, నాయనమ్మను మాట్లాడనీయున్రి. పిల్లగాడు అడ్డం రానీ, ప్రశ్నలడగనీ, వాని తీరుగ చెప్పనీ. పరీక్షల "వచ్చాడు" అని రాయనీ, ఇంట్ల "వచ్చిండు" అననీ. రెండూ వచ్చినోడు ఎక్కువ తెలిసినోడే గని తక్కువోడు కాదు. "యాస" అని నవ్వెటోళ్లను నవ్వనీయున్రి, మనం మాత్రం మన పిల్లల నోరు మూయొద్దు.