చూద్దామన్న డాక్టరమ్మ

మా చిన్నబిడ్డకు గర్భం సంచిలో కాక ట్యూబులో నిలిచింది. రక్తంలో హెచ్‌సీజీ అంకె తక్కువున్నది, దిగుతున్నది, నొప్పి లేదు. ఆపరేషన్ ఇప్పుడే వద్దు, చూద్దామన్నది డాక్టరమ్మ. రెండు రోజులకోసారి రక్తపరీక్ష. ఆ కాగితం వచ్చేదాకా ఎవరికీ ముద్ద దిగేది కాదు.

“ఊరికే కూర్చున్నరేంది?” అన్నరు చుట్టాలు. ఊరికే ఎక్కడ? అంకె దిగుతున్నా ట్యూబు పగలొచ్చు. కడుపులో గట్టినొప్పి, భుజం కొనన నొప్పి, కళ్లు తిరగడం, ఏదొచ్చినా అర్ధరాత్రయినా దవాఖానకు పోవాలె. ఆటో అబ్బాయి నంబరు గోడమీద రాసినం. పిల్లను ఒంటరిగా వదల్లేదు. రాత్రిపాళీలు చేసిన కళ్లు కదా, రాత్రి కాపలా నాదే.

అయిదో వారానికి అంకె మామూలుకొచ్చింది. అందరూ గండం గడిచిందన్నరు. పిల్ల మాత్రం అప్పుడే ఏడ్చింది. ఏడవనీయాలె. “మళ్లెప్పుడు?” అని అడగొద్దు.