ఒక్క రాత్రి పువ్వు

వర్షాకాలంలో రామచంద్రపురంలో ఏ పెరటిలోనైనా బ్రహ్మకమలం మొగ్గ తొడిగిందంటే ఆ రాత్రి ఇరుగుపొరుగు నిద్ర మాని అక్కడికి చేరుతారు. అరచేయంత తెల్లని పువ్వు చీకటి పడిన పిదప విచ్చుకొని, అర్ధరాత్రి పరిమళించి, తెల్లవారేసరికి తల వాలుస్తుంది.

నిజానికి ఇది కమలం కాదు. అసలు బ్రహ్మకమలం హిమాలయాలలో పూస్తుంది. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం అదే. మన పెరటిది మెక్సికో, మధ్య అమెరికా అడవులలో చెట్లను ఆశ్రయించి పెరిగే మొక్క. ముళ్ళు లేకున్నా నాగజెముడు కుటుంబానిదే. శాస్త్రనామం ఎపిఫిల్లం ఆక్సీపెటాలం. మనం ఆకులనుకొనేవి చదునైన కాండాలు. అందుకే వాటి అంచునే మొగ్గ పుడుతుంది. రాత్రివేళ తిరిగే రెక్కపురుగులను ఆకర్షించేందుకే ఆ తెలుపు, ఆ సువాసన.

ఈ సంగతి చెబితే పువ్వు పవిత్రత తగ్గుతుందని కొందరు నొచ్చుకొంటారు. నా అభిప్రాయం వేరు. సముద్రాలు దాటి వచ్చిన మొక్కకు మనవారు బ్రహ్మదేవుని పేరు పెట్టి ఇంట చోటిచ్చారు. జన్మస్థలం తెలిసినంత మాత్రాన ఆ చోటు తగ్గనవసరం లేదు.

మా ఇంటి మొక్క ప్రక్కింటి అమ్మగారు గోడమీదుగా అందించిన ఒక్క ముక్క నుండి పెరిగినదే. తొలి పువ్వు పూచిన రాత్రి ఆమెను పిలిచాము. ఆమె దీపం తెచ్చి చేతులు జోడించారు. మా అమ్మ ‘సుభానల్లా’ అన్నది.

కళాశాల ఆవరణలో ఈ మొక్కను నాటించి, దాని వాడుక పేరు, శాస్త్రనామం, పుట్టిన దేశం తెలుగులోను, ఉర్దూలోను పలకపై వ్రాయించవలెనని పాలకసంఘానికి నా మనవి. ఆ తొలి మొగ్గ విచ్చుకొనే రాత్రి విద్యార్థులందరూ రావలెను.