సూత్రం కోర్టుది, లెక్క చట్టానిది

భోపాల్ విషాదం జరిగిన ఏడాదికి, 1985 డిసెంబరులో, దిల్లీలోని శ్రీరామ్ కర్మాగారం నుంచి ఓలియం వాయువు వెలువడింది. ప్రమాదకర పరిశ్రమల బాధ్యతకు అప్పటిదాకా ఆధారం 1868 నాటి ఇంగ్లండ్ తీర్పు. దైవఘటన, బయటివారి దుశ్చర్య వంటి మినహాయింపులు అందులో ఉన్నాయి. జస్టిస్ పి.ఎన్. భగవతి నేతృత్వంలోని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1986లో వాటిని తోసిపుచ్చి ‘సంపూర్ణ బాధ్యత’ను నెలకొల్పింది, సంస్థ స్తోమతను బట్టి పరిహారం పెరగాలన్నది. ఆ కేసు బాధితులను మాత్రం దావాలు వేసుకోవలసిందేనన్నది.

పార్లమెంటు 1991లో చేసిన ప్రజా బాధ్యత బీమా చట్టం తప్పు నిరూపించనవసరం లేకుండానే తక్షణ సాయం కల్పించింది. అయితే మరణానికి కట్టిన మొత్తం 25,000 రూపాయలే. 2020 మే నెలలో విశాఖపట్నంలో స్టైరీన్ వెలువడి పలువురు మరణించగా, 50 కోట్ల రూపాయలు జమ చేయాలన్న తొలి ఉత్తర్వులో జాతీయ హరిత ట్రైబ్యునల్ పేర్కొన్నది ‘కఠిన బాధ్యత’నే. అది ఆ పాత ఇంగ్లండ్ సూత్రం పేరు.